పంతులుగారి వారసులు

కందుకూరి వీరేశలింగం పంతులుగారి చరిత్ర చెప్పువారు తఱచుగా 1881 డిసెంబరు 11వ తేదీ కడ నిలిచిపోవుదురు. నాడు రాజమహేంద్రవరమున గోగులపాటి శ్రీరాములుగారికిని బాలవితంతువగు గౌరమ్మకును వివాహము జరిగెను. అల్లరి జరుగకుండ విద్యార్థులు కాపు గాచిరి. కథ యంతటితో ముగిసినట్లే తోచును. కాని కష్టములు మఱునాటి నుండియే ముదిరినవి.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్లకే తండ్రిని గోల్పోయిరి. ఉపాధ్యాయులై, 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. 1878లో మిత్రులతో గూడి సంఘసంస్కరణ సమాజమును నెలకొల్పిరి.

వివాహమునకు బిదప వెలి వచ్చెను. వంటవారు మానిరి, నీళ్లవారు మానిరి. అంతవఱకు వెన్నంటి యున్న మిత్రులలో గొందఱు ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి బోయి నీళ్లు మోసి తెచ్చి, యింటికి వచ్చిన వారందఱికిని వండి పెట్టిరి. ఆమె బిందె లేనిచో పంతులుగారి యుపన్యాసము లెంత దూరము సాగెడివో చెప్పజాలము.

బంధువులు వెలివేసిన దంపతులకు నిల్లు కావలెను, తిండి కావలెను, బ్రదుకుదెరువు కావలెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వేలకొలది రూపాయలిచ్చి యాదుకొనిరి. అయినను సాయము పొందినవారే యింకను గావలెనని పేచీలు పెట్టిన సందర్భములును గలవు. ఉపాధ్యాయుని జీతముతోను, ఒక యిల్లాలి రెక్కల కష్టముతోను, ఒక దాత యౌదార్యముతోను ఇట్టి కార్యము కొంతకాలము నడచును. ఆ మువ్వురి తరువాత నడవదు. పంతులుగారీ సంగతిని పుస్తకములలో గాక తమ యింటి వాకిటనే నేర్చికొనిరి.

అందుచేత వారు వ్యవస్థను గట్టుటకు బూనుకొనిరి. 1898లో చెన్నపట్టణమునను, 1905లో రాజమహేంద్రవరమునను వితంతు శరణాలయములు వెలసెను. 1906లో హితకారిణీ సమాజము పుట్టెను. దంపతులకు సంతానము లేదు. దత్తత చేసికొని యాస్తి నప్పగించుట లోకాచారము. పంతులుగారు తమ యావదాస్తిని సమాజమున కర్పించిరి. వ్యక్తి చేతిలోని సొమ్ము సమాజము పేర జేరినప్పుడు దానికి లెక్క యుండును, అడుగువారుందురు, ఒకరు పోయినను మఱియొకరు నడపుదురు.

రాజ్యలక్ష్మమ్మగారు 1910లో గతించిరి. పంతులుగారు 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమున గన్నుమూసిరి. వారు లేకున్నను రాజమహేంద్రవరమున ఆస్తికోన్నత పాఠశాల గంట యథాప్రకారము మ్రోగుచునే యుండెను.