ఐదవ జార్జి

ఐదవ జార్జి (జూన్ 3, 1865 - జనవరి 20, 1936) 1910 నుండి 1936 వరకు బ్రిటన్ రాజు, భారత చక్రవర్తి. తండ్రికి రెండవ కుమారుడు కావడంతో ఈయనను నౌకాదళ అధికారిగా తీర్చిదిద్దారు. అన్న అకాల మరణం వలన సింహాసనానికి వారసుడయ్యాడు. విశాఖపట్నంలో 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి (కె.జి.హెచ్.) ఈయన పేరు మీదనే ఏర్పడింది.

బాల్యం, నౌకాదళ సేవ

జార్జి లండన్‌లో జన్మించాడు. తండ్రి తరువాతి కాలంలో ఏడవ ఎడ్వర్డుగా రాజ్యమేలాడు. పన్నెండేళ్ళ వయసులో, 1877లో, అన్న ఆల్బర్ట్ విక్టర్‌తో కలిసి బ్రిటానియా అనే శిక్షణ నౌకలో చేరాడు. 1879 నుండి 1882 వరకు సోదరులిద్దరూ బకాంటీ అనే యుద్ధనౌకలో దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, జపాన్ మొదలైన దేశాలు చుట్టివచ్చారు. జపాన్‌లో జార్జి చేతిపై పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఆ తరువాత కూడా నౌకాదళంలోనే కొనసాగి, ఒక టార్పెడో పడవకు, థ్రష్ అనే గన్‌బోటుకు నాయకత్వం వహించాడు.

1892 జనవరిలో ఆల్బర్ట్ విక్టర్ మరణించడంతో జార్జి నౌకాదళ జీవితం దాదాపు ముగిసింది. అన్నకు నిశ్చయమైన వధువు మేరీని 1893లో వివాహమాడాడు. నౌకలో అలవడిన క్రమశిక్షణ, సమయపాలన మాత్రం ఈయనను జీవితాంతం వదలలేదు.

హైదరాబాదు, భారతదేశం

యువరాజుగా 1905-06లో భారతదేశంలో పర్యటించాడు. 1906 ఫిబ్రవరిలో హైదరాబాదుకు వచ్చి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా ఫలక్‌నుమా భవనంలో బస చేశాడు. రాజైన తరువాత డిసెంబరు 12, 1911న ఢిల్లీ దర్బారులో బెంగాల్ విభజన రద్దును, రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్చడాన్ని ప్రకటించాడు. ఆ దర్బారుకు ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హాజరయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చేసిన సహాయానికి గాను 1918లో నిజాంకు హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అనే బిరుదు లభించింది.

మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలలో జార్జి బొమ్మ గల రూపాయలు చలామణి కాగా, నిజాం రాజ్యంలో సొంత నాణేలుండేవి.

యుద్ధకాలం

యుద్ధకాలంలో సైనిక శిబిరాలను, ఆసుపత్రులను తరచు సందర్శించాడు. 1915లో ఫ్రాన్స్‌లో గుర్రం మీదనుండి పడి తీవ్రంగా గాయపడ్డాడు. జర్మనీ పట్ల ప్రజలలో ఉన్న ద్వేషం కారణంగా 1917లో తన వంశానికున్న జర్మన్ పేరును విండ్సర్‌గా మార్చాడు. అదే సంవత్సరం, పదవి కోల్పోయిన రష్యా చక్రవర్తి రెండవ నికోలస్‌కు ఆశ్రయమివ్వడానికి వెనుకాడాడు. నికోలస్ ఈయనకు పినతల్లి కుమారుడు. మరుసటి సంవత్సరం నికోలస్ కుటుంబాన్ని బోల్షివిక్కులు కాల్చిచంపారు. సింహాసనం కోసం బంధువును వదిలివేశాడన్న విమర్శ ఈయనపై నేటికీ ఉంది.

చివరి సంవత్సరాలు

1930లో లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశాన్ని ప్రారంభించాడు. 1931లో రెండవ సమావేశానికి వచ్చిన గాంధీజీని బకింగ్‌హామ్ భవనంలో కలుసుకున్నాడు. 1932లో రేడియో ద్వారా సామ్రాజ్య ప్రజలనుద్దేశించి తొలి క్రిస్మస్ ప్రసంగం చేశాడు.

1936 జనవరి 20న సాండ్రింగ్‌హామ్‌లో మరణించాడు. చివరి ఘడియలలో మరణాన్ని త్వరపరచడానికి వైద్యుడు మందులిచ్చిన విషయం 1986లో వెల్లడైంది. పెద్దకుమారుడు ఎనిమిదవ ఎడ్వర్డు ఏడాది తిరగకుండానే సింహాసనాన్ని వదులుకున్నాడు. దానితో నౌకాదళంలో పనిచేసిన రెండవ కుమారుడు ఆరవ జార్జిగా రాజయ్యాడు.