బకెట్ల లూన్

డేటా స్ట్రక్చర్స్ పేపర్లో హ్యాషింగ్ మీద ప్రశ్న ఎలాగూ వస్తుంది. జవాబు రాస్తాం, మార్కులు తెచ్చుకుంటాం. ఆ ఆలోచన ఎవరిదో మాత్రం మనలో చాలామందికి తెలీదు.

హాన్స్ పీటర్ లూన్ 1896లో జర్మనీలోని బార్మెన్‌లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్నారు. తర్వాత బట్టల పరిశ్రమలో చేరి, ఆ పని మీదే 1924లో అమెరికా వెళ్ళారు. గుడ్డలో ఎన్ని పోగులున్నాయో లెక్క తేల్చే ‘లూనోమీటర్’ ఆయన చేసిందే. మడిచి పెట్టుకునే రెయిన్‌కోటు దగ్గర్నుంచి ఏదో ఒకటి కనిపెడుతూనే ఉండేవారు. మొత్తం 80కి పైగా పేటెంట్లు! కంప్యూటర్ డిగ్రీ అంటారా, అప్పటికి అలాంటి కోర్సే లేదు.

నలభై దాటాక, 1941లో ఐబీఎంలో చేరారు. కొన్నేళ్ళకి రసాయన శాస్త్రవేత్తలు ఓ సమస్యతో వచ్చారు. సమ్మేళనాల వివరాలు గుట్టలుగా పెరిగిపోతున్నాయి, కావాల్సింది వెతికిపెట్టే యంత్రం కావాలి. అక్కణ్ణుంచి వెతుకులాటే ఆయన లోకమైపోయింది.

1953 జనవరిలో ఆఫీసు లోపలి మెమో ఒకటి రాశారు. అందులోని కిటుకు మన భాషలో ఇదీ: కాలేజీలో 600 మంది ఉన్నారనుకోండి. రోల్ నంబర్ చివరి రెండంకెల్ని బట్టి 100 బకెట్లలో సర్దేస్తే, ఒక్కో దాంట్లో సుమారు ఆరుగురే. 600 మందినీ వెతకక్కర్లేదు, ఆ బకెట్ చూస్తే చాలు. ఒకే బకెట్లోకి వచ్చినవాళ్ళని గొలుసుగా కట్టాలి. మనం చైనింగ్ అని చదివేది అదే. జావా హ్యాష్‌మ్యాప్ లోపల ఇప్పటికీ ఆ బకెట్లే ఉన్నాయి.

అయితే అది బయట అచ్చుకాని కాగితం. ఇంచుమించు అదే సమయంలో ఐబీఎంలోనే మరికొందరు హ్యాషింగ్‌ని విడిగా కనిపెట్టారు. అలా పద్ధతి లోకమంతా పాకింది, పేరు వెనకబడింది.

ఆయన పేరు నిలిచింది ఇంకో చోట. 1954లో దరఖాస్తు చేస్తే 1960లో పేటెంట్ వచ్చిన ‘లూన్ ఫార్ములా’ అది. కార్డు నంబర్లో ఒక్క అంకె తప్పు కొట్టినా సర్వర్ దాకా వెళ్ళకుండానే పట్టేస్తుంది. ఫోన్ల ఐఎంఈఐ నంబర్లకీ అదే కాపలా.

1958లో వ్యాసాల్లో తరచూ వచ్చే మాటల్ని లెక్కపెట్టి, ముఖ్యమైన వాక్యాల్ని యంత్రంతోనే ఏరించి సారాంశం తయారుచేయించారు. ఇప్పుడు మనం చాట్‌బాట్‌తో చేయించుకునే పనికి అది తొలి అడుగు.

1961లో రిటైరయ్యారు. 1964లో, 68వ ఏట కన్నుమూశారు. గుడ్డలో పోగులు లెక్కపెట్టిన మనిషి మాటల్నీ, అంకెల్నీ అంతే ఓపిగ్గా లెక్కపెట్టారు. ఈసారి హ్యాషింగ్ ప్రశ్న వస్తే, మార్కులు రాకపోయినా సరే, జవాబు మొదట్లో ఆయన పేరు ఒక్కసారి రాద్దాం.