గాలిని లెక్కగట్టిన ఇంజనీర్ గుస్తావ్ ఈఫిల్



ఈఫిల్ టవర్ ఫొటో మీ పిల్లల పుస్తకాల్లో చూసే ఉంటారు. దాని కాళ్లు కింద వెడల్పుగా మొదలై, వంపు తిరుగుతూ పైకి సన్నబడతాయి. ఆ వంపు గాలి లెక్క నుంచి వచ్చింది.

గుస్తావ్ ఈఫిల్ 1832లో ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో పుట్టారు. తల్లి బొగ్గు వ్యాపారం చేసేవారు. ఆ రోజుల్లో అక్కడ ఎకోల్ పాలిటెక్నిక్ సీటంటే మన దగ్గర ఐఐటీ సీటు లాంటిది. ప్యారిస్‌లో రెండేళ్లు దానికోసమే చదివినా ఆయనకు సీటు రాలేదు. వేరే కాలేజీలో చేరి 1855లో కెమిస్ట్రీలో పట్టా తీసుకున్నారు. బంధువుల వెనిగర్ ఫ్యాక్టరీలో చేరాల్సింది, కుటుంబ గొడవల వల్ల అదీ కుదరలేదు. అలా వంతెనల పనిలోకి వచ్చారు.

1879 డిసెంబర్‌లో స్కాట్లండ్‌లోని టే వంతెన తుఫాను గాలికి కూలింది. దానిమీద వెళ్తున్న రైలు నదిలో పడి, అందులో ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. గాలి ఒత్తిడిని సరిగా లెక్కలోకి తీసుకోలేదని విచారణలో తేలింది. లోయల మీద ఎత్తైన వంతెనలు కట్టే ఇంజనీర్లందరికీ అది పెద్ద హెచ్చరిక.

టవర్ మొదటి గీతలు ఈఫిల్ కంపెనీ ఇంజనీర్లు 1884లో గీశారు. ఎత్తు 300 మీటర్లు. అంత ఎత్తున గాలి ఎంత బలంగా తోస్తుందో కచ్చితంగా చెప్పగలిగేవారు లేరు. అందుకే రెండు రకాలుగా లెక్క వేశారు. అంతటా చదరపు మీటరుకు 300 కిలోల ఒత్తిడి అనుకుని ఒకటి, కింద 200 నుంచి కొసన 400 దాకా పెరుగుతుందనుకుని ఇంకొకటి. 1889లో టవర్ పూర్తయ్యాక పైన గాలి వేగం కొలిస్తే, ఊళ్లో 21 మీటర్ల ఎత్తున ఉన్న వేగానికి సగటున మూడు రెట్లు కనిపించింది.

తర్వాత పనామా కాలువ డబ్బు వ్యవహారంలో ఆయనకు 1893లో రెండేళ్ల శిక్ష పడింది. పైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. వ్యాపారం వదిలేసి గాలి మీద పరిశోధన మొదలుపెట్టారు. టవర్ మీద నుంచి పలకలు జారవిడిచి గాలి నిరోధాన్ని కొలిచారు. 1909లో టవర్ పక్కనే గాలి సొరంగం కట్టారు. 1912లో దాన్ని ఓతయ్‌కి మార్చారు, అది ఇప్పటికీ ఉంది. విమానం రెక్కను కింది నుంచి గాలి తోసేదానికన్నా పైనుంచి లాగేదే ఎక్కువని అక్కడ చూపించారు. తుఫానులో రేకుల కప్పు ఎగిరిపోవడానికీ ఈ లాగుడే ముఖ్య కారణం. 1923లో, 91వ ఏట కన్నుమూశారు.

మన ఇళ్లకూ ఇదే లెక్క. భారతీయ ప్రమాణాల ప్రకారం డిజైన్‌కు మూల గాలి వేగం విశాఖపట్నంలో సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌లో 44. ఆపైన భవనం ఎత్తు, చుట్టూ ఏముందన్నది చూస్తారు. తెరిపి సముద్రతీరం నుంచి కిక్కిరిసిన నగరం దాకా నేలను నాలుగు రకాలుగా విభజించారు. ఒకే ఊళ్లో బీచ్ ఎదుటి అపార్ట్‌మెంట్‌కూ, బజారు మధ్య అపార్ట్‌మెంట్‌కూ గాలి దెబ్బ ఒకటి కాదు. 2014 హుద్‌హుద్ చూసిన విశాఖవాసులకు గాలి బలం గురించి వేరే చెప్పక్కర్లేదు.

మీరు ఫ్లాట్ కొంటున్నా, మేడ మీద రేకుల షెడ్డు వేయిస్తున్నా, గాలి లెక్క ఏ నేల రకానికి వేశారని ఇంజనీర్‌ని అడగండి. ఈ ఆదివారం మీ పిల్లల్ని ఒకే కాగితపు గాలిపంకాతో ముందు గేటు దగ్గర, తర్వాత మేడ మీద నిలబెట్టండి. ఎక్కడ ఎందుకు వేగంగా తిరిగిందో వాళ్లనే చెప్పనివ్వండి.