జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) ప్రముఖ జన్యు శాస్త్రవేత్త. ఇంగ్లండులో జన్మించి భారత పౌరుడిగా మరణించాడు. జంతువుల పోరును, త్యాగాన్ని జన్యువుల లెక్కతో వివరించిన తొలితరం శాస్త్రజ్ఞులలో ఈయన ఒకడు.

జీవితం

ఈయన ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. హాల్డేన్ మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు, మెసొపొటేమియా రంగాలలో పోరాడి గాయపడ్డాడు. యుద్ధం తనకు ఆనందం కలిగించిందని తరువాత దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. 1933 నుండి 1957 వరకు లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడిగా పనిచేశాడు.

పోరు, త్యాగాలపై సిద్ధాంతాలు

ప్రకృతి వరణం ఎల్లప్పుడూ జాతికి మేలే చేస్తుందన్న నమ్మకాన్ని ఈయన 1932లో వెలువరించిన పరిణామ గ్రంథంలో ఖండించాడు. ఒకే జాతి జంతువుల మధ్య స్పర్ధలో బలమైన ఆయుధాలు, దూకుడు గలవి గెలిచి ఎక్కువ సంతానం పొందవచ్చు. కాని వ్యక్తికి లాభించిన ఆ గుణాలే జాతికి చేటు కావచ్చు.

ప్రాణాలకు తెగించి ఇతరులను కాపాడే గుణం ఎలా నిలుస్తుందన్నది దీనికి మరొక పార్శ్వం. రక్షింపబడినవారు దగ్గరి బంధువులైతే వారిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ గనుక అది వ్యాపించగలదని 1955లో వివరించాడు. 1964లో హామిల్టన్ దీనిని సంపూర్ణ గణిత సిద్ధాంతంగా మలిచాడు.

పెక్కు జంతువులు చంపుకొనేదాకా పోక, బెదిరింపులతోనే తగవు తేల్చుకుంటాయి. గాయాల నష్టం గెలుపు లాభాన్ని మించినచోట, ఎప్పుడూ తుదికంటా పోరాడే స్వభావం ఒక్కటే జాతిలో నిలవజాలదని హాల్డేన్ శిష్యుడు జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్‌తో కలిసి 1973లో ప్రారంభించిన పరిశోధన నిరూపించింది. ఈ సంయమనానికి జాతి క్షేమమనే కారణం వెతకనక్కరలేదు.

భారతదేశంలో

1957లో భార్య, జీవశాస్త్రజ్ఞురాలు హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చాడు. 1961లో భారత పౌరసత్వం పొందాడు. శాకాహారం, భారతీయ వస్త్రధారణ అవలంబించాడు. పక్షులను చంపకుండానే శాస్త్రీయంగా అధ్యయనం చేయవచ్చని వ్యాసం వ్రాశాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఈయన వద్ద పరిశోధన చేసి, తరువాత ఈయన జీవితచరిత్ర రచించాడు.

మరణం

1962లో భువనేశ్వర్ చేరి జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పాడు. 1964లో అక్కడే కాన్సరుతో మరణించాడు. తన భౌతికకాయం వైద్యవిద్యకు ఉపయోగపడాలన్న ఆయన కోరిక మేరకు దానిని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.