అయిదు తాళాలు పలికిన దేహం

ఆలయంలో హారతి గంట మ్రోగగానే మన చేతులు వాటంతటవే జోడింపబడతాయి. నోట స్తోత్రం వెలువడకముందే దేహం నమస్కరిస్తుంది. మాటకంటె ముందు పలికే ఈ భాషను నాట్యశాస్త్రం ఆంగికాభినయమని పేర్కొన్నది. ఆ భాషను భగవత్కథకు అంకితం చేసి, హరికథా పితామహుడై వెలుగొందిన మహనీయుడు మన కళింగసీమలో జన్మించిన శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. భక్త మహాశయులారా! ఆ పుణ్యచరితాన్ని ఒక్కసారి స్మరించుకుందాం.

దాసుగారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి చెంతనున్న అజ్జాడ అగ్రహారంలో వేంకటచయనులు, లక్ష్మీనరసమాంబ దంపతులకు జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడుగారి హరికథాగానం వినడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. ఆ ఏడే ‘ధ్రువచరిత్ర’ రచించి, కాలికి గజ్జెకట్టారు.

ఆ ధ్రువుని కథనే మీరు మనస్సులో భావించండి. పసివాడు తండ్రి ఒడికై చేతులు చాస్తాడు. సవతితల్లి సురుచి కనుబొమ్మ ముడివడుతుంది. రాజు ముఖం పక్కకు తిరుగుతుంది. పిల్లవాని చేతులు మెల్లగా క్రిందికి వాలిపోతాయి. ఇందులో ఒక్క మాటైనా లేదు. అయినా కథ యావత్తూ అర్థమైపోయింది! నాటకంలో ఈ పాత్రలకు ముగ్గురు నటులుంటారు. హరికథలో ఉన్నది ఒకే భాగవతారు. మెడలో పూలమాల, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, ఇవే ఆయన ఆహార్యం. చూపు క్రిందికి దించితే రాజు, పైకెత్తితే బాలుడు. సంగీతం, సాహిత్యం, నృత్యం ఈ మూడింటినీ ఒకే దేహంలో నిలపడం దాసుగారి ప్రతిభ.

ఆయనకు ‘పంచముఖీ పరమేశ్వరు’డన్న బిరుదు ఊరకనే రాలేదు. రెండు చేతులు, రెండు పాదాలు, శిరస్సు, ఈ అయిదింటితో ఏకకాలంలో అయిదు వేర్వేరు తాళాలు చూపగల లయబ్రహ్మగా ఆయన ప్రసిద్ధులు. ఇది ఎంతటి దుష్కరమో తెలియాలంటే మీరే ఒక చేతితో మూడేసి, మరొక చేతితో నాలుగేసి లెక్కపెట్టి చూడండి. కొద్దిసేపటికే ఒకటి రెండవదాన్ని లాగివేస్తుంది. దేహంలోని ప్రతి అవయవమూ మనస్సు చెప్పినట్టు వినాలంటే ఏళ్ల తరబడి సాధన కావాలి. యోగమన్నా అదే కదా!

దాసుగారి కీర్తి తెలుగునాట ఆగలేదు. కన్నడ భాషీయుల మైసూరు సంస్థానంలోనూ ఆయన హరికథలు వినిపించి రాజసత్కారం అందుకున్నారు. పిదప విజయనగర ప్రభువులు ఆనందగజపతి ఆయనను తమ ఆస్థానానికి రప్పించుకున్నారు. భాష తెలియనివారిని సైతం ఈ కళ ఎలా ఆకట్టుకుంటుందని మీకు సందేహం కలుగవచ్చు.

సైగలు దేశానికొక తీరున ఉంటాయి. మనం తల అటూఇటూ ఊపితే సరేనని అర్థం. ఐరోపా వాసికి అది కాదన్నట్టు తోస్తుంది. బల్గేరియాలో తల నిలువుగా ఊపినా కాదనే అర్థం! మనం చేతులు జోడిస్తాం, జపానీయులు నడుము వంచుతారు, ఆంగ్లేయులు కరచాలనం చేస్తారు. ఎడమచేత్తో ఇవ్వడం మనకు అమర్యాద, అనేక దేశాలలో అది పట్టింపే కాదు. ఇవన్నీ నేర్చుకున్న సంకేతాలు. వీటికి లోపల మరొకటి ఉన్నది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వణకు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని శాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలు ఎవరూ నేర్పగా వచ్చినవి కావు. కన్నీటికి అనువాదం అక్కరలేదు. 1872లో డార్విన్ పండితుడు కూడా పలుదేశాల వారి ముఖకవళికలను గురించి వాకబు చేసి ఒక గ్రంథం వెలువరించాడు. అప్పటికి దాసుగారు ఎనిమిదేళ్ల బాలుడు.

ఈ సత్యం దాసుగారికి అనుభవంలో ఉన్నదనడానికి ‘నవరసతరంగిణి’ సాక్ష్యం. కాళిదాసు, షేక్‌స్పియర్ నాటకాల నుండి నవరసాల ఘట్టాలను ఏరి, తెలుగు చేసి, పక్కపక్కన నిలిపారు. పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చి 1932లో ప్రకటించారు. వేషభాషలు వేరైనా రసం ఒక్కటేనని ఆయన విశ్వాసం.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిసినప్పుడు తొలి అధ్యక్షులు దాసుగారే. చూపులేని ఒక బాలుని సంగీతాభిరుచి ఆ సంస్థ స్థాపనకు ప్రేరణ అని ఆ పట్టణంలో నేటికీ చెప్పుకుంటారు. ముద్ర కంటికి అందకపోయినా పాదం వేసిన దరువు చెవికి అందుతుంది. దేహభాష కంటికి మాత్రమే పరిమితం కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

1945 జనవరి 2న ఆ మహాత్ముడు పరమపదించారు. ఆయన గ్రంథాలు మనకు మిగిలాయి. కాని ఆ చూపు, ఆ చేతి విసురు, ఆ గజ్జెల అడుగు ఏ గ్రంథంలోనూ ఇమడవు. అవి గురువు దేహం నుండి శిష్యుని దేహానికి సంక్రమించవలసినవే. ఒక తరం చూడటం మానితే ఆ భాష అక్కడితో ఆగిపోతుంది.

కనుక, భక్తులారా! మీ ఊరి ఆలయంలో హరికథ జరిగినప్పుడు ఇంటిలో మైకు శబ్దం విని తృప్తిపడకండి. పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లి ముందు వరుసలో కూర్చోండి. పరాయి దేశస్థుడు మీ ఇంటికి వచ్చి మన మర్యాద తప్పినట్టు తోస్తే, వెంటనే నొచ్చుకోక అతని కన్నులలోని భావం చూడండి. దైవసన్నిధిలో చేతులు జోడించినప్పుడు మనస్సును కూడా వాటితో జోడించండి. దాసుగారికి మనమర్పించగల నివాళి అదే.