కడుపులో దాగిన హెర్నియా: వెంజెల్ ట్రైట్జ్

హెర్నియా అనగానే పైకి ఉబికి కనబడే వాపే మనకు స్ఫురిస్తుంది. పైకి ఏ గుర్తూ లేకుండా ఉదరకుహరంలోనే ప్రేగు చిక్కుపడి ప్రాణం తీసే హెర్నియా కూడా ఉన్నది. దానికి శాస్త్రగ్రంథం రచించిన మహనీయుడు వెంజెల్ ట్రైట్జ్. 1819లో బొహీమియాలో జన్మించి, ప్రాగ్‌లో వైద్యం అభ్యసించి, 1855లో అక్కడనే రోగనిర్మాణశాస్త్ర ఆచార్యులైనారు.

ఆంత్రమూలం ముగిసే మలుపును పైకి పట్టి ఉంచే సన్నని కండరాన్ని 1853లో వర్ణించారు. వైద్యవిద్యార్థులు ఆయన పేరు వల్లించేది దీనివల్లనే. మేము మాత్రం 1857 నాటి గ్రంథానికే పెద్దపీట వేస్తాము. ఆ మలుపు చెంత ఉదరపు పొర మడతపడి చిన్న సంచివంటి గుంట ఏర్పడుతుంది. ప్రేగు అందులోకి జారి, క్రమంగా దానిని పెద్దది చేస్తుందని వారి సిద్ధాంతం. గర్భస్థ దశలో ప్రేగు సరిగా తిరగకపోవడమే మూలమని తరువాతివారు దిద్దారు. అయినా గుంటను చూపిన వేలు ట్రైట్జ్‌దే.

మనోవ్యాధికి లోనై, 1872లో, 53 ఏళ్ల వయసులో, తన ప్రాణాన్ని తానే తీసుకొన్నారు. శవపరీక్ష బల్లపై వారు గుర్తించిన ఆ గుంట నేడు సి.టి. స్కాన్‌లో, బ్రతికి ఉన్న రోగిలోనే, కనబడుతున్నది. సకాలంలో శస్త్రచికిత్స చేసి ప్రేగును విడిపిస్తున్నారు.