కాశికి పోయి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు

మనుష్యుడు ఇల్లు విడిచి ఎంత దూరము పోగలడు? 1970 ఏప్రిల్ నెలలో అపోలో 13 అను వాహనములో బయలుదేరిన ముగ్గురు అమెరికావారు చంద్రుని వెనుకగా తిరిగి, భూమికి నాలుగు లక్షల కిలోమీటర్లకు పైగా పోయినారు. దారిలో ప్రాణవాయువు తొట్టి పేలినందున చంద్రునిపై దిగకుండనే ఆరు దినములలో తిరిగి వచ్చినారు. అంత దూరమున ఉన్నను, చంద్రుని చాటున గడిపిన కొద్దిసేపు తప్ప, వారి మాట ఒకటి రెండు సెకండ్లలో ఇంటివారికి అందుచునే ఉండినది.

దూరమును కిలోమీటర్లలో లెక్కకట్టుట రైల్వే గుమాస్తాలమైన మా ఉద్యోగధర్మము. అయితే ఇంటి కబురు ఎన్నాళ్ళకు అందునో దానిని బట్టి కొలిచినచో, చంద్రుని దాక పోయినవారి కంటె దూరము పోయిన తెలుగువారు ఒకరున్నారు. వారే చెన్నపట్నపు ఏనుగుల వీరాస్వామయ్యగారు. వారు పోయినది కాశికే. అయితే పోయినది 1830లో. కాశికి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అని మన ముసలివారు ఊరకనే అనలేదు.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతమున జన్మించినారు. తొమ్మిదవ యేట తండ్రి గతించినాడు. పన్నెండేండ్లు వచ్చునప్పటికి ఇంగ్లీషు చక్కగా చదువనేర్చి, కంపెనీవారి వర్తకపు కచ్చేరీలో జీతము లేని కొలువున ప్రవేశించినారు. అంటే మన బారామహలు, ఈ కృష్ణగిరి సీమ, 1792లో టిప్పు చేతినుండి కంపెనీ చేతికి పోయిన రోజులవి. జీతము లేకుండ పని నేర్చుకొనుట ఆనాటి పద్ధతి. మన పిల్లలకు చెప్పినచో నమ్మరు. తరువాత కొంతకాలము తిరునెల్వేలి సీమలో దుబాసి పని చేసి, క్రమముగా మదరాసు సుప్రీముకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయినారు.

ఈ ఉద్యోగము గురించి రెండు మాటలు చెప్పవలెను. నేటి హైకోర్టు 1862లో వచ్చినది. అంతకు ముందు 1801 నుండి ఉన్నది సుప్రీముకోర్టు. జడ్జీలు దొరలు, సాక్షులు మనవారు. తెలుగువాడు తెలుగులోను, అరవవాడు అరవములోను చెప్పిన సాక్ష్యమును దొరకు ఇంగ్లీషులో చెప్పువాడు ఒకడు కావలెను. ఆ మాట కొంచెము అటు ఇటు అయినచో ఒకని భూమి పోవును, మరియొకని మెడకు ఉరి వచ్చును. హోసూరులో కాపురమున్న మనకు ఇది కొత్త కాదు. ఇంటిలో ఒక భాష, అంగడిలో ఒక భాష, ఫ్యాక్టరీ గేటు దగ్గర మరియొక భాష మాట్లాడుచు రోజు గడుపుచున్నాము. టిక్కెట్టు కిటికీ దగ్గర మేము పలుకు ఒక్క మాట తప్పినను ప్రయాణికుడు వేరొక ఊరిలో దిగును. వీరాస్వామయ్యగారు ఆ పనిని ఏండ్ల తరబడి మాట పడకుండ చేసి దొరల గౌరవము, ఊరివారి గౌరవము రెండును సంపాదించినారు. అందువలననే అంత దీర్ఘమైన సెలవు దొరికినది. ఎంత సెలవనుకొన్నారు? పదిహేను నెలలకు పైన! మాకు పదిహేను రోజులు దొరికిన పండుగే.

1830 మే 18న చెన్నపట్నమునుండి బయలుదేరినారు. ఇంటివారు, బంధువులు, పల్లకీ బోయీలు, నౌకరులు అందరును కలిసి సుమారు నూరుమంది. డేరాలు, వంటపాత్రలు, కంపెనీవారు ఇచ్చిన రహదారి పత్రములు వెంట ఉన్నవి. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము చూచుకొని హైదరాబాదు చేరి, అక్కడినుండి నిర్మల మీదుగా నాగపూరు, జబల్పూరు, మీర్జాపూరు దాటి ప్రయాగకు, కాశికి పోయినారు.

నేడు చెన్నై సెంట్రలులో గంగా కావేరి ఎక్కినచో రెండు రాత్రులు, ఒక పగలు గడచునప్పటికి కాశి వచ్చును. ఆ రైలు కూడ నాగపూరు, జబల్పూరు మీదుగానే పోవును. కాని ఆయన నాటికి మన దక్షిణదేశమున రైలు లేదు. రాయపురమునుండి ఆర్కాటు వైపు మొదటి రైలు నడచినది 1856లో. కృష్ణా, గోదావరి, నర్మదలకు వంతెనలు లేవు. నూరుమందిని, సామానును, పల్లకీలను పుట్టిలోనో పడవలోనో దాటించుకొనవలెను. నదికి వరద వచ్చినచో గట్టుననే డేరా. వానకాలము వారికి దారిలోనే గడచినది.

ఇది ఒక రాజ్యము కూడ కాదు. కంపెనీ సీమ దాటినచో కర్నూలు నవాబు, ఆ పైన నిజాము, ఆ పైన నాగపూరు భోంసలేలు. నాణెము మారును, సుంకము మారును, కావలివాడు మారును. యాత్రికులనుండి పన్ను వసూలు చేయుట అంతటను ఉన్నది. శ్రీశైలములో నవాబుకు చెల్లించవలెను. ప్రయాగలోను, గయలోను, పూరీలోను స్వయముగా కంపెనీ సర్కారుకే చెల్లించవలెను. కంపెనీవారు ఈ పన్నును 1840లో గాని ఎత్తివేయలేదు. ఇక జబల్పూరు ప్రాంతములు ఆ రోజులలో థగ్గులకు పేరుపడినవి. బాటసారులతో స్నేహముగా నడచి, సమయము చూచి రుమాలుతో మెడ బిగించి చంపువారు థగ్గులు. స్లీమన్ దొర వారిని పట్టుకొనుచుండిన కాలమది. నూరుమంది గుంపుగా పోవుటలోని అర్థము ఇక్కడ తెలియును.

వీరాస్వామయ్యగారి గొప్పతనము పోవుటలో మాత్రమే కాదు, వ్రాయుటలో ఉన్నది. ప్రతి మజిలీలో చూచినది చూచినట్లు వ్రాసి, మదరాసులోని స్నేహితులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి జాబులుగా పంపినారు. తీర్థమాహాత్మ్యములు వ్రాసినవారు అంతకు ముందు ఎందరో ఉన్నారు. ఈయన వ్రాసినది వేరు. ఈ ఊరికి ఆ ఊరు ఎంత దూరము, బాట రాతిదా ఇసుకదా, దిగుటకు చోటున్నదా, నీళ్ళు మంచివా, కావలసిన సామాను దొరకునా అని, వెనుక వచ్చువానికి ఉపయోగపడునట్లు వ్రాసినారు. మా కంటికి అది మంచి టైంటేబులు పుస్తకము వలె తోచినది. భక్తి ఉన్నవాడే, అయినను దేవుని ముందు నిలిచినప్పుడు కూడ ఊరి సంగతి మరువనివాడు. ఆ జాబు కాశినుండి చెన్నపట్నము చేరుటకు ఎన్ని వారములో! ఇంటిలో మంచిచెడ్డలేవైన జరిగినను అన్నాళ్ళు తెలియకుండనే ముందుకు నడువవలెను. దూరమని మేము మొదట అన్నది ఇదే.

కాశినుండి గంగలో పడవ ప్రయాణము. పాట్నా, గయ, కలకత్తా చూచి, పూరీ జగన్నాథుని సేవించి, గంజాము మీదుగా సముద్రతీరపు బాట పట్టినారు. శ్రీకాకుళము, విశాఖపట్నము, రాజమహేంద్రవరము, నెల్లూరు. నెలల తరబడి పరభాషలు విన్న చెవికి గంజాము సీమ దాటునప్పుడు ఊరి చెరువు దగ్గర తెలుగు మాట వినబడినచో ఎట్లుండునో, పండుగకు ఊరు పోయి బస్సు దిగిన మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నము చేరినారు.

అంతటితో ఆయన విశ్రమించలేదు. నందన సంవత్సరమున, అంటే 1832-33లో, గుంటూరు సీమలో మహాకరువు వచ్చినది. డొక్కల కరువని దానికి పేరు. ఆ సీమలోని అయిదు లక్షల జనములో దాదాపు రెండు లక్షలమంది పోయినారని లెక్క. బ్రతికినవారు పిల్లలను చంకన వేసుకొని దక్షిణమునకు నడచినారు. తాము రెండేండ్ల క్రిందట పల్లకిలో వచ్చిన ఆ తీరపు బాటనే వారు ఆకలితో నడచి చెన్నపట్నము చేరగా, వారికి అన్నము పెట్టించుటకు పూనుకొన్నవారిలో వీరాస్వామయ్యగారు ఒకరు. మా మట్టుకు, యాత్ర కంటె ఈ సంగతియే మనసున నిలిచినది. పొట్టకూటికి ఇల్లు విడిచినవారికి కొత్త ఊరిలో మొదటి ముద్ద పెట్టిన చేయి ఎవరిదో మరపునకు రాదు. ఈ ఊరికి కొత్తగా వచ్చిన మనలో చాలమందికి అటువంటి చేయి ఒకటి జ్ఞాపకముండక పోదు.

1836 అక్టోబరు 3న వీరాస్వామయ్యగారు పరమపదించినారు. తమ జాబులు పుస్తకమగుట చూడలేదు. శ్రీనివాసపిళ్ళగారు వానినన్నిటిని కూర్చి 1838లో కాశీయాత్ర చరిత్ర అను పేర అచ్చు వేయించినారు. 1869లో రెండవ కూర్పు వచ్చినది. ఆ పైన డెబ్బదియేండ్లు దానిని పట్టించుకొన్నవారు లేరు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు పీఠికతో మరల వెలువరించినారు. ఒక స్నేహితుడు జాబులు పారవేయకుండ దాచినందున నేడు మనకు ఈ గ్రంథము దక్కినది.

ఈ పుస్తకమును మేము రాత్రి భోజనమైన తరువాత మా అమ్మకు చదివి వినిపించుచున్నాము. కంటికి శుక్లములు వచ్చి ఆమె చదువలేదు. మాది కడప జిల్లా. ఆయన కడప చేరిన నాటి సంగతి ఆమె రెండుసార్లు చదివించుకొన్నది. కాశికి పోవలెనని ఆమె పదేండ్లుగా అడుగుచున్నది. మాకు ఏటేట రైల్వే పాసు ఉన్నది, అందులో అమ్మ పేరు వ్రాయించవచ్చును, పోవుటకు రెండు రాత్రులు చాలును. అయినను ఒక యేడు పిల్లల పరీక్షలని, ఒక యేడు సెలవు లేదని, ఒక యేడు ఏ కారణము లేకుండనే వాయిదా వేసినాము. మొన్న నర్మద దగ్గరకు వచ్చినాము. మిగిలినది రైలులో చదువవచ్చును గాని ముందు పాసు తీయించుమని అమ్మ అన్నది. మే నెలకు తీయించినాము.